"అగ్రెసివ్" అని రాశాను. ఏ మీటింగ్‌లో అని అడిగింది

సుధ_ఆల్ఫారెట్టా (గురువారం, రాత్రి 10:40)

అందరికీ నమస్తే. పన్నెండేళ్ళుగా అట్లాంటా పక్కన ఉంటున్నాం. ఈ సంగతి మా ఆయనకు చెప్తే "అయిపోయిందిగా, వదిలేయ్" అన్నాడు. వదిలేద్దామంటే మనసు ఒప్పుకోవట్లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా టీమ్‌లో తొమ్మిది మందిమి. నలుగురం తెలుగువాళ్ళం. ఒకే ఒక్క నల్లజాతి ఆవిడ ఉంది. నాకన్నా వయసులో పెద్దది, అనుభవంలోనూ పెద్దది. లీడ్ మాత్రం నేను. ఇక్కడ ఆవిడ్ని 'డి' అంటాను. ఇయర్ ఎండ్ రివ్యూలో అందరికీ రాసినట్టే ఆవిడకీ రెండు పేరాలు రాశాను. పని బాగా చేస్తుందనే రాశాను. చివర్లో ఒక లైన్: "మీటింగుల్లో కొంచెం అగ్రెసివ్‌గా ఉంటారు, టోన్ తగ్గించుకుంటే బాగుంటుంది."

మొన్న నాతో విడిగా కూర్చున్నప్పుడు ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, ఆ లైన్ మీద కర్సర్ పెట్టింది. గొంతు పెంచలేదు. "ఏ మీటింగ్? నేనేమన్నాను?" అని అడిగింది, అంతే.

ఒక్క మీటింగ్ గుర్తొస్తే ఒట్టు. ఏదో గొణిగాను. ఆవిడ కాసేపు ఆగి, నోట్‌బుక్ మూసేసి, "నేను పనిచేసిన నాలుగో కంపెనీ ఇది. నాలుగు చోట్లా ఇదే మాట రాశారు" అని లేచి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి పాత మీటింగ్ రికార్డింగులు పెట్టుకుని చూశాను. "ఈ తేదీకి కుదరదు, టెస్టింగ్‌కి టైం లేదు" అని డి మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ ఒకే గొంతు. అదే మీటింగ్‌లో మన తెలుగబ్బాయి ఒకడు టేబుల్ గుద్ది మరీ వాదించాడు. అతని రివ్యూ తీసి చూశాను. నేను రాసింది: "పని మీద ప్యాషన్ ఎక్కువ."

నాకు నల్లజాతివాళ్ళంటే చిన్నచూపు ఉందని ఎప్పుడూ అనుకోలేదు. మరి ఆ మాట నా వేళ్ళకి ఎలా వచ్చింది?

రామ్_ఫ్రిస్కో (రాత్రి 11:15)

సుధగారూ, మీరు అనవసరంగా టెన్షన్ పడుతున్నారు. రివ్యూ అన్నాక నచ్చనిది కూడా ఒకటి ఉంటుంది. నాకు పదిహేనేళ్ళుగా "కమ్యూనికేషన్ మెరుగుపడాలి" అని రాస్తున్నారు. నేనేమైనా గొడవ చేశానా?

ఇక మన మధ్య మనం నిజం మాట్లాడుకుందాం. లైసెన్స్ రెన్యువల్‌కి వెళ్తే కౌంటర్‌లో కూర్చున్న ఆవిడ మొహం ఎలా పెడుతుందో అందరికీ తెలుసు. [పదం తొలగించాం: అడ్మిన్] ఆడవాళ్ళకి ఆ యాటిట్యూడ్ ఉంటుంది. నిప్పు లేనిదే పొగ రాదు.

అడ్మిన్

ఆ పదం ఈ వేదికలో రాయకూడదని పోయినేడాదే చెప్పాం. స్పెల్లింగ్ మార్చి రాసినా, ముంత బొమ్మ పెట్టినా తీసేస్తాం. అర్థం కావట్లేదనుకోవద్దు.

రామ్_ఫ్రిస్కో

అందరూ వాడేదే కదా అడ్మిన్‌గారూ. తిట్టు కాదు, అలవాటు. నల్లవాళ్ళకి అర్థం కాకుండా వాళ్ళ గురించి మాట్లాడుకోవడానికి పెట్టుకున్న మాట.

పాలమూరు పిల్ల (రాత్రి 11:32)

అర్థం కాదని ఎవరు చెప్పారన్నా? డెంటన్‌లో మా రూమ్మేట్‌కి ఆ ఒక్క తెలుగు మాటే తెలుసు. మన ఇండియన్ స్టోర్‌లో బిల్లింగ్ దగ్గర నిలబడి విన్నదట. నన్నడిగింది అర్థమేంటని. కల్లు అంటే తాటిచెట్టు నుంచి వచ్చే డ్రింక్ అని చెప్పిన. నమ్మలేదు. నేనైనా నమ్మను.

మీ కౌంటర్ సంగతికొస్తే, తెల్లావిడ విసుక్కుంటే "పాపం, పొద్దున్నే ఏం జరిగిందో" అంటాం. నల్లావిడ విసుక్కుంటే "వీళ్ళంతే" అంటాం. ఒకావిడకి రోజు బాగాలేదు, ఇంకొకావిడకి జాతే బాగాలేదు. అంతేనా?

పాతపుస్తకం (శుక్రవారం, ఉదయం 6:50)

రామ్‌గారి నిప్పు గురించి కొంచెం. ఆ నిప్పు ఎవరు రాజేశారో చరిత్రలో రాసే ఉంది.

బానిసత్వం పోయాక అమెరికాకి నల్లజాతి ఆడది రెండు మూడు రూపాల్లోనే కావాల్సి వచ్చింది. మొదటిది 'మామీ'. లావుగా, తలకి గుడ్డ కట్టుకుని, యజమాని పిల్లల్ని పెంచుతూ ఎప్పుడూ నవ్వుతూ ఉండే దాసి. తన పిల్లలెక్కడున్నారో ఎవరూ అడగరు. ఆంట్ జెమైమా పాన్‌కేక్ పిండి 1889లో మొదలైంది. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో నాన్సీ గ్రీన్ అనే ఆవిడని ఆ వేషంలో నిలబెట్టి పాన్‌కేకులు వేయించారు. ఆవిడ నిజంగానే బానిసగా పుట్టిన మనిషి. ఆ బ్రాండ్ పేరు మారింది 2021లో. మనలో చాలామంది వంటింట్లో ఆ డబ్బా ఉండేది, మా ఇంట్లోనూ ఉండేది.

హాటీ మెక్‌డానియల్ అనే నటికి 1940లో ఆస్కార్ వచ్చింది. ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి వ్యక్తి ఆవిడే. వచ్చింది అచ్చంగా మామీ అనే పేరున్న పాత్రకే. ఆ రాత్రి హోటల్లో ఆవిడని తోటి నటులతో కూర్చోనివ్వలేదు, గోడవారగా వేరే టేబుల్ వేశారు.

రెండోది 'సఫైర్'. 1928లో మొదలైన అమోస్ అండ్ ఆండీ రేడియో షోలో మొగుడి మీద ఎప్పుడూ విరుచుకుపడే భార్య పాత్ర పేరు అది. నడుం మీద చెయ్యి, ఆడే తల, పెద్ద నోరు. సుధగారి వేళ్ళకి వచ్చిన మాట ఆ ఇంటిదే. మూడోది 'వెల్ఫేర్ క్వీన్'. అది 1976లో, తర్వాత అధ్యక్షుడైన రీగన్ ఎన్నికల ప్రచారంలో తిరిగింది. చికాగోలో మోసం చేసిన ఒకావిడ కేసు పట్టుకుని, ప్రభుత్వ సొమ్ము తిని కార్లలో తిరిగేవాళ్ళు వీళ్ళే అన్నట్టు చెప్పుకుంటూ పోయాడు.

నవ్వుతూ చాకిరీ చేసేది, అరిచేది, కూర్చుని తినేది. ఈ మూసల్లో ఏది తొడిగినా మనకి ఒక సౌకర్యం ఉంది. ఆమె అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పక్కర్లేదు. డి చెప్పింది తేదీ కుదరదని. సుధగారు రాసింది టోన్ గురించి. ఇంతకీ తేదీ కుదిరిందా?

సుధ_ఆల్ఫారెట్టా

కుదరలేదు. రిలీజ్ మూడు వారాలు వెనక్కి పోయింది.

రామ్_ఫ్రిస్కో (ఉదయం 8:05)

1928 రేడియో మనమెవరం విన్నాం సార్? మనం చూసేది కళ్ళముందున్నదే. 2018 యూఎస్ ఓపెన్ టెన్నిస్ ఫైనల్లో సెరెనా విలియమ్స్ అంపైర్ మీద ఎలా అరిచిందో ప్రపంచమంతా చూసింది. అదీ మూసేనా?

పాతపుస్తకం (ఉదయం 8:30)

అరిచింది. నేనూ లైవ్‌లో చూశాను. అంపైర్‌ని దొంగ అంది, ఒక గేమ్ పోయింది, 17,000 డాలర్ల జరిమానా పడింది. అక్కడిదాకా రూలే. పాతతరం తెల్లజాతి ఆటగాడు మెకెన్రోకీ జరిమానాలు పడ్డాయి, 1990 ఆస్ట్రేలియన్ ఓపెన్ మధ్యలోంచి బయటికి పంపారు కూడా. కానీ ఆయన కోపం తర్వాత యాడ్లలో సరదాగా అమ్ముడుపోయింది. ఈవిడ కోపానికి మెల్‌బోర్న్ పేపర్లో ఒక కార్టూన్ వచ్చింది. పెద్ద పెదాలు, బండ శరీరం, రాకెట్ మీద ఎగిరి దూకుతున్న రాక్షసిలా వేశాడు.

నాకు అంతకన్నా గుర్తుండిపోయింది ఆ బొమ్మలో వెనకున్న మనిషి. గెలిచిన నయోమీ ఒసాకాని సన్నగా, బంగారు రంగు జుట్టుతో వేశాడు. ఒసాకా తండ్రి హైతీ మనిషి. అంటే ఆ రోజు కోర్టులో ఇద్దరూ నల్లజాతి ఆడవాళ్ళే. ఒద్దికగా ఉన్నావిడ ఆ కార్టూనిస్టు చేతిలో తెల్లబడిపోయింది.

గంగ_ప్లేనో (ఉదయం 9:40)

నేను రామ్‌గారితో ఏకీభవించను. అందరూ అలా ఉండరు. మూడేళ్ళ కిందట పిల్లలతో హూస్టన్ నుంచి వస్తుంటే రాత్రి పదకొండింటికి టైర్ పంచరైంది. ఎవరూ ఆగలేదు. ఒక నల్లజాతి పెద్దావిడ ఆగి, తన కారులోంచి జాక్ తీసి, మా ఆయనకి ఎలా వేయాలో చూపించి, పిల్లలకి బిస్కెట్లు ఇచ్చి, అయ్యేదాకా నిలబడింది. ఎంత పెద్ద మనసో! వాళ్ళు పైకి కఠినంగా కనబడతారు కానీ లోపల బంగారం. చాలా బలమైన ఆడవాళ్ళు. ఏ కష్టమైనా తట్టుకుంటారు.

పాలమూరు పిల్ల

గంగక్కా, ఏమీ అనుకోకండి. ఆవిడ ఆగకుండా వెళ్ళిపోయి ఉంటే?

గంగ_ప్లేనో

అదేంటమ్మా, నేను మంచి చెప్తే కూడా తప్పేనా? ఇక ఏం మాట్లాడాలి మనుషులు?

కోనసీమ నర్స్ (శుక్రవారం, మధ్యాహ్నం 1:20)

గంగగారూ, మీ ఉద్దేశం మంచిదే, అందులో అనుమానం లేదు. కానీ "తట్టుకుంటారు" అన్న మాట చదివి నేను ఆగిపోయాను. హూస్టన్‌లో పదకొండేళ్ళుగా కాన్పుల వార్డులో పనిచేస్తున్నాను. ఆ మాట మా దగ్గర ప్రాణాలు తీస్తుంది.

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కల ప్రకారం 2023లో ప్రతి లక్ష కాన్పులకి చనిపోయిన తెల్లజాతి తల్లులు 14.5 మంది, నల్లజాతి తల్లులు 50.3 మంది. మూడు రెట్ల పైన. పేదరికం వల్ల అంటారు. బీపీ, ఇన్సూరెన్స్, దూరంగా ఉండే ఆసుపత్రులు, ఇవన్నీ ఉన్నాయి. అయితే డిగ్రీలు చదివినవాళ్ళలో కూడా ఆ తేడా పోలేదు.

సెరెనా పేరు ఎలాగూ వచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. 2017 సెప్టెంబరులో పాప పుట్టింది, సిజేరియన్. మర్నాడు ఊపిరి అందలేదు. అంతకుముందే ఒకసారి ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు వచ్చిన మనిషి, తన ఒంట్లో ఏం జరుగుతుందో ఆవిడకి తెలుసు. నర్సుకి స్పష్టంగా చెప్పింది: సీటీ స్కాన్ కావాలి, రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ కావాలి. నొప్పి మందుల మత్తులో ఏదో అంటోందని నర్సు అనుకుంది. ముందు కాళ్ళకి అల్ట్రాసౌండ్ చేశారు, ఏమీ కనబడలేదు. తర్వాత సీటీ తీస్తే ఊపిరితిత్తుల్లో గడ్డలు. ఆవిడే స్వయంగా పత్రికలకి చెప్పుకున్న సంగతి ఇది. డబ్బుందా, ఉంది. పేరుందా, ప్రపంచమంతా ఉంది.

2016లో వర్జీనియా యూనివర్సిటీలో తెల్లజాతి మెడికల్ స్టూడెంట్లనీ రెసిడెంట్లనీ (శిక్షణలో ఉన్న డాక్టర్లనీ) ప్రశ్నలడిగితే, నల్లవాళ్ళ చర్మం మందంగా ఉంటుందనే లాంటి తప్పుడు నమ్మకం ఒక్కటైనా ఉన్నవాళ్ళు దాదాపు సగం మంది తేలారు. అలా నమ్మినవాళ్ళు నొప్పిని తక్కువగా అంచనా వేశారు. ఇదేం కొత్త కాదు. ఆడవాళ్ళ ఆపరేషన్లకి ఆద్యుడని పేరున్న మారియన్ సిమ్స్ 1840ల్లో అలబామాలో బానిస ఆడవాళ్ళ మీద మత్తు లేకుండా కోతలు నేర్చుకున్నాడు. అనార్కా అనే అమ్మాయికి ముప్పై సార్లు చేశాడు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఆయన విగ్రహం 2018 దాకా ఉంది.

ఇక నా తప్పు. కొత్తలో ఒక పేషెంట్ రాత్రంతా తలనొప్పి అంటూనే ఉంది. నల్లజాతి అమ్మాయి, ముప్పై లోపే. ముందు నర్సు డ్యూటీ మారుతూ నాకు చెప్పింది: "రూమ్ సిక్స్ కొంచెం డిమాండింగ్." నేను ఆ మాటతోనే ఆ గదిలోకి వెళ్ళాను. బెల్ రెండోసారి మోగితే నిట్టూర్చాను. మూడోసారి మోగినప్పుడు బీపీ చూశాను. అప్పటికి 170 దాటింది. ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భిణులకి బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు. ఆమె బతికింది, బిడ్డా బతికింది. కానీ ఆ రెండు బెల్లులకి మధ్య గంటా పది నిమిషాలు. నేనూ నల్లగానే ఉంటాను, ఇక్కడ నన్నూ యాక్సెంట్ అని వెక్కిరిస్తారు. అవేవీ నన్ను ఆపలేదు.

గంగ_ప్లేనో

అమ్మో. నాకు ఇవేవీ తెలియవు. నేనన్న అర్థం అది కాదు కానీ... సరే, వింటున్నాను.

పాలమూరు పిల్ల (సాయంత్రం 5:10)

జుట్టు గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెప్తా. మా రూమ్మేట్ శనివారం పొద్దున తొమ్మిదికి బ్రెయిడ్స్, అంటే సన్న సన్న జడలు, వేయించుకోడానికి పోతే సాయంత్రం నాలుగు అయ్యేది. మొదటిసారి చూసినప్పుడు నేను "అబ్బ, ఎంత బాగుంది!" అంటూ చెయ్యి పెట్టేసిన. తల వెనక్కి జరిపింది. పద్ధతి తెల్వక చేసిన అంటే నవ్వి, "నీకంటే ముందు బస్సులో ఒకావిడ అడక్కుండానే పట్టుకుంది" అన్నది. మన జడ ఎవరన్నా బజార్ల పట్టుకుంటే ఊకుంటామా?

ఇంటర్వ్యూ వచ్చినప్పుడు ఆ బ్రెయిడ్స్ అన్నీ విప్పేసింది. రిలాక్సర్ అని జుట్టు సాపు చేసే ఒక క్రీమ్ ఉంటుంది. రూమంతా ఘాటు వాసన. చెవి వెనక చర్మం కాలి బొబ్బ లేచింది. ఎందుకే ఇదంతా అంటే, "ముందు ఉద్యోగం రానీ, తర్వాత నా జుట్టుతో వెళ్తా" అన్నది. జుట్టు తీరు చూసి ఉద్యోగంలో, స్కూల్లో వివక్ష చూపకూడదని కాలిఫోర్నియా 2019లో క్రౌన్ యాక్ట్ అనే చట్టం తెచ్చింది. మా టెక్సాస్‌లో 2023 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. దేశమంతటికీ మాత్రం ఇంకా రాలేదు. పుట్టిన జుట్టుతో ఆఫీసుకి పోవడానికి చట్టం కావాల్సి వచ్చింది చూడండి.

ఇంకొకటి. ఒకరోజు విగ్గు కొనుక్కొచ్చింది. ప్యాకెట్ మీద "ఇండియన్ టెంపుల్ హెయిర్" అని ఉంది. నా వైపు చూసి "ఇది నిజమేనా?" అన్నది. నిజమే కదా. మా అమ్మమ్మ నాకు జ్వరం తగ్గితే తిరుపతికొస్తా అని మొక్కుకుని గుండు చేయించుకుంది. తలనీలాలు దేవస్థానం వేలం వేస్తుంది, ఏలూరు, చెన్నై పక్క కార్ఖానాల్లో దువ్వి, కట్టలు కట్టి ఎగుమతి చేస్తారు. అంతా విని ఆమె అడిగింది: "మీ అమ్మమ్మకి డబ్బిచ్చారా?" లేదు, దేవుడికిచ్చింది అన్న. విగ్గు చేతిలో పట్టుకుని చాలాసేపు దువ్వెన పెట్టలేదు. నేను కూడా ఏం అనలేదు.

పాతపుస్తకం

జుట్టుకి చట్టం అంటే గుర్తొచ్చింది. 1786లో లూసియానా స్పెయిన్ చేతిలో ఉన్నప్పుడు, గవర్నరు మీరో నల్లజాతి స్త్రీలు జుట్టు అలంకరించుకుని తిరగకూడదని, తలకి గుడ్డ కట్టుకోవాలని ఆజ్ఞ వేశాడు. తెల్ల దొరసానుల కన్నా అందంగా కనబడుతున్నారని అసలు బాధ. వాళ్ళు కట్టుకున్నారు. పట్టువీ, రంగురంగులవీ, నగలు గుచ్చి మరీ కట్టుకున్నారు. న్యూఆర్లీన్స్‌లో అదే ఫ్యాషన్ అయి కూర్చుంది.

ఏసీగార్డ్స్ అమ్మాయి (శనివారం, భారత కాలమానం మధ్యాహ్నం 12:10)

నిన్నటి నుంచీ చదువుతున్నాను. అమెరికా గురించి మాట్లాడుతున్నారు, నాకెందుకులే అనుకున్నాను. కానీ నేనూ నల్లజాతి ఆడదాన్నే. తెలుగులో రాస్తున్నదాన్నే.

మాది హైదరాబాద్, మాసబ్‌ట్యాంక్ దగ్గర ఏసీగార్డ్స్. ఏసీ అంటే చల్లటి గాలి కాదు, ఆఫ్రికన్ కావల్రీ. మా ముందు తరాలవాళ్ళు నిజాం గుర్రపు దళంలో ఉండేవాళ్ళు. ఆ దళం మొదట వనపర్తి రాజాది, అక్కణ్ణుంచి నిజాంకి వచ్చింది. పాలమూరు పిల్లా, ఓ లెక్కన నేను మీ ఊరిదాన్నే! నిజాం రాజ్యం పోయాక దళం పోయింది, మేం ఉండిపోయాం. మమ్మల్ని సిద్దీలు అంటారు. పెళ్ళి బరాత్‌లో మర్ఫా వాయిస్తే ఎగిరేవాళ్ళందరికీ మా డప్పు తెలుసు, మేం తెలియదు.

ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. ఆటో ఆపితే "మేడమ్, మెహదీపట్నం ఫైవ్ హండ్రెడ్" అని ఇంగ్లీషులో చెప్తాడు. "అన్నా, మీటరెయ్యి" అంటే వెనక్కి తిరిగి చూసి బ్రేకు వేసినోళ్ళున్నారు. గచ్చిబౌలి వైపు ఫ్లాట్ వెతుక్కుంటుంటే ఓనరు ఆధార్ అడగలేదు, పాస్‌పోర్ట్ అడిగాడు. ఆధార్ చూపిస్తే "ఇది ఒరిజినలేనా" అన్నాడు. ఇవన్నీ ఇంట్లో చెప్పుకుని నవ్వుకుంటాం.

నవ్వుకోలేనిది ఇంకొకటి. రాత్రి తొమ్మిదిన్నరకి ఆఫీస్ క్యాబ్ కోసం రోడ్డు మీద నిలబడితే కారు స్లో చేసి, అద్దం దించి, రేటు అడుగుతారు. మెడలో ఐడీ కార్డు ఉంటుంది. పక్కనే నా కొలీగ్, ఆమెదీ అదే కార్డు, ఆమెని అడగరు. ఢిల్లీ ఖిడ్కీలో 2014 జనవరిలో ఉగాండా ఆడవాళ్ళని అర్ధరాత్రి ఆపి, డ్రగ్స్, వ్యభిచారం అంటూ ఆసుపత్రికి టెస్టులకి లాక్కుపోయారు, ఏమీ దొరకలేదు. బెంగళూరులో 2016లో సూడాన్ అతను చేసిన యాక్సిడెంట్‌కి, అరగంట తర్వాత ఆ దారిన వచ్చిన టాంజానియా అమ్మాయిని కారులోంచి లాగి కొట్టి బట్టలు చింపారు. వాళ్ళిద్దరికీ ఏ సంబంధమూ లేదు. రంగే సంబంధం.

రామ్‌గారూ, మీరు అమెరికా వెళ్ళి నేర్చుకున్నారనుకోవట్లేదు. ఇక్కడి నుంచే సూట్‌కేసులో పెట్టుకుని వెళ్ళారు.

బెజవాడ పిన్ని (శనివారం, భారత కాలమానం సాయంత్రం 4:30)

అమ్మా ఏసీగార్డ్స్ తల్లీ, చదువుతుంటే కడుపులో దేవినట్టయింది. నేను వేదికలో చదవడమే గానీ రాయను. ఇవాళ రాస్తున్నాను.

మా కోడలు బాల్టిమోర్ అమ్మాయి. నల్లజాతి. మావాడు చెప్పినప్పుడు నేను మూడు రోజులు అన్నం తినలేదు, దాచుకోవడం ఎందుకు. పెళ్ళి చేశాం. బంధువులు నోటితో అక్షింతలు, మనసులో లెక్కలు. "పిల్లలు ఎవరి రంగు వస్తారో" అని మా ఆడపడుచు వంటింట్లో అంది. మా పెళ్ళిచూపుల్లో నన్నూ అదే అన్నారు, చామనఛాయని. నేనే మర్చిపోయాను.

పోయినేడు పురిటికి వెళ్ళాను. నాకు ఆ పిల్లంటే అప్పటికే గౌరవం. ఎనిమిదో నెల దాకా ఉద్యోగానికి వెళ్ళింది, ఇల్లంతా తనే సర్దుకుంది. ఫోన్లో అందరికీ "మా కోడలు గట్టి పిండం" అని గొప్పగా చెప్పేదాన్ని. మనవరాలు పుట్టిన పదో రోజు రాత్రి రెండింటికి మంచినీళ్ళకని లేస్తే, మా కోడలు బట్టలు ఉతికే మెషీన్ దగ్గర నేల మీద కూర్చుని ఏడుస్తోంది. చప్పుడు బయటికి రాకుండా మెషీన్ ఆన్ చేసుకుంది. లోపల బట్టలు లేవు. నేను పక్కన కూర్చుని, నాకొచ్చిన ఇంగ్లీషులో "యూ ఆర్ స్ట్రాంగ్ గర్ల్" అన్నాను. "అత్తయ్యా" అంటుంది నన్ను, మావాడు నేర్పాడు. "అత్తయ్యా, ఐ డోంట్ వాంట్ స్ట్రాంగ్. ఐ వాంట్ స్లీప్" అంది.

మా అమ్మాయికి పురుడు పోసినప్పుడు నలభై రోజులు నేల మీద కాలు పెట్టనివ్వలేదు నేను. ఈ పిల్ల పదో రోజుకే బట్టలు ఉతుకుతుంటే బలం అని మెచ్చుకున్నాను. ఆ తేడా నాకు అప్పటిదాకా తట్టలేదు. మర్నాటి నుంచి పాపని రాత్రిళ్ళు నా దగ్గరే పడుకోబెట్టుకున్నాను. వాము కాచి ఇస్తే మొహం అదోలా పెట్టింది కానీ తాగింది.

కోనసీమ నర్స్

పిన్నిగారూ, మళ్ళీ అలా ఏడుపు కనబడితే నిద్ర ఒక్కటే సరిపోదు, డాక్టర్‌కి చెప్పండి. కాన్పు తర్వాత డిప్రెషన్ వీళ్ళలో ఎవరూ పట్టించుకోకుండా పోతుంది, కారణం మీరే రాశారు.

బెజవాడ పిన్ని

చెప్పాం తల్లీ. మందులు వాడింది. ఇప్పుడు బాగుంది.

రామ్_ఫ్రిస్కో (శనివారం, రాత్రి 9:50)

నా మీద అందరూ పడ్డారు, పర్లేదు. అన్నీ ఒప్పుకుంటున్నానని కాదు. కౌంటర్లో ఆవిడ నన్ను గంటన్నర నిలబెట్టిన మాట నిజం.

ఇవాళ ఇంకోటి గుర్తొచ్చింది. మా పాప థర్డ్ గ్రేడ్. పోయిన నెల బర్త్‌డే పార్టీకి క్లాస్‌మేట్స్ వచ్చారు. ఒక నల్లజాతి పాప కొంచెం పొడుగు. బౌన్స్ హౌస్ దగ్గర చిన్నపిల్లలు తోసుకుంటుంటే ఆ పాపని పిలిచి, "నువ్వు పెద్దదానివి కదా, వీళ్ళని చూసుకో" అని అక్కడ నిలబెట్టాను. మిగతావాళ్ళు ఎగురుతున్నారు, ఈ పాప లైన్ మేనేజ్ చేస్తోంది. కేక్ కట్ చేసేటప్పుడు మా పాప చెప్పింది, ఆ పిల్ల తనకన్నా రెండు నెలలు చిన్నదట. ఎనిమిదేళ్ళు. నేను పన్నెండు అనుకున్నా. అప్పుడు నవ్వేశాను.

పాతపుస్తకం

రామ్‌గారూ, 2017లో జార్జిటౌన్ లా స్కూల్ వాళ్ళు సరిగ్గా దీని మీదే అధ్యయనం చేశారు. అయిదేళ్ళ వయసు నుంచే నల్లజాతి ఆడపిల్లలకి లాలన, రక్షణ తక్కువ చాలని పెద్దవాళ్ళు అనుకుంటున్నారని తేలింది. మీకు తెలిసే అవకాశం లేదు. కానీ మీరు చెప్పింది అదే.

రామ్_ఫ్రిస్కో

ఆ పాప ఒక్కసారి కూడా ఎగరలేదండీ. అదే గుర్తొస్తోంది.

సుధ_ఆల్ఫారెట్టా (మంగళవారం, రాత్రి 10:15)

అప్‌డేట్. హెచ్‌ఆర్‌ని అడిగాను. రేటింగ్ లాక్ అయిపోయింది, మార్చలేం, కామెంట్ మాత్రం మార్చుకోవచ్చన్నారు. మార్చాను. డికి మెసేజ్ పెట్టాను, సారీ కూడా చెప్పాను. "చూశాను" అని ఒక్క ముక్క వచ్చింది. నేను కాఫీకి పిలుద్దామనుకున్నాను, నర్స్‌గారు పర్సనల్ మెసేజ్‌లో వద్దన్నారు, "మీ మనసు తేలిక చేయడం కూడా ఆవిడ పనేనా" అని. పిలవలేదు. టేబుల్ గుద్దిన అబ్బాయి రివ్యూ కూడా మార్చాను, వాడు అలిగాడు.

రామ్_ఫ్రిస్కో

ఆ లైన్ తీసేసి ఏం రాశారు?

సుధ_ఆల్ఫారెట్టా

"మార్చి రిలీజ్ తేదీ కుదరదని ఒకే మీటింగ్‌లో మూడుసార్లు చెప్పారు. మేం వినలేదు."